బెంగళూరు నుంచి సముద్రానికి మూడు రోజులు: పుదుచ్చేరా, మంగళూరా, విశాఖా?

లాంగ్ వీకెండ్ దగ్గరపడిందంటే బెంగళూరులోని మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకటే చర్చ. ఒకరు గోవా అంటారు, ఒకరు పాండీ అంటారు, ఇంకొకరు "మన వైజాగ్ ఉండగా అవన్నీ ఎందుకు" అంటారు. చివరికి పోల్ పెట్టి, ఎక్కువ ఓట్లు పడిన ఊరికి టికెట్లు తీసేస్తారు. ఎవరికి ఏ ఊరు ఇష్టమో ఓట్లు చెబుతాయి. ఆ వారం అక్కడ ఎండ కాస్తుందా, సముద్రంలో దిగనిస్తారా, ఉన్న మూడు రోజుల్లో ఎన్ని గంటలు రోడ్డు మీదే పోతాయి అన్నవి మాత్రం ఓట్లతో తేలవు. అందుకే నా సలహా ఇది: ముందు నెల చూడండి, తర్వాత గంటలు లెక్కపెట్టండి, ఆ తర్వాతే ఊరి పేరు ఎత్తండి.

నెలను బట్టి తీరం

బెంగళూరుకు తూర్పు సముద్రం, పడమటి సముద్రం రెండూ దాదాపు ఒకే దూరం. పుదుచ్చేరి సుమారు 310 కిలోమీటర్లు, మంగళూరు సుమారు 350. కానీ ఈ రెండు తీరాల వానాకాలాలు వేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను ఢీకొని అటువైపు తీరాన్ని ముంచెత్తుతాయి. మంగళూరులో ఏడాదికి 350 సెంటీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం ఆ నాలుగు నెలల్లోనే. అప్పుడు సముద్రంలో దిగనివ్వరు, దీవులకు పడవలు నడవవు. దారిలో శిరాడి ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి ట్రాఫిక్ ఆగిపోవడం కూడా ఆ రోజుల్లో మామూలే. ఆ వాన అందం వేరు, అది చూడటానికే వెళ్లేవాళ్లు ఉన్నారు. ఎండ, ఇసుక, ఈత కోసం వెళ్లే గుంపుకు మాత్రం అది సమయం కాదు. అదే ఆగస్టు 15 నాడు పుదుచ్చేరిలో చాలావరకు పగలంతా ఎండే. సాయంత్రం ఉరుములతో ఒక వాన వస్తే వస్తుంది, కాసేపట్లో వెలిసిపోతుంది.

అక్టోబర్ మూడో వారం నుంచి లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు తమిళ తీరానికి వస్తాయి. పుదుచ్చేరిలో అన్ని నెలల కన్నా ఎక్కువ వాన నవంబర్‌లోనే పడుతుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు లేచే కాలం కూడా అదే. విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న తీరం దాటిన సంగతి మనవాళ్లెవరూ మరిచిపోలేదు. సరిగ్గా అప్పుడే పడమటి తీరం వానలు తగ్గి, పచ్చగా కడిగినట్టు ఉంటుంది.

కాబట్టి జూలై నుంచి సెప్టెంబర్ దాకా తూర్పుకు వెళ్లండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా పడమరకు. డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎటు వెళ్లినా బాగుంటుంది, జనం మాత్రం విపరీతం. ఏప్రిల్, మే నెలల్లో రెండు వైపులా ఉక్కపోత చంపేస్తుంది. ఆ సెలవులకు కూర్గో, చిక్కమగళూరో చూసుకోవడం మేలు.

చేపల కోసమే సముద్రానికి వెళ్లే గుంపులు మనలో చాలా ఉన్నాయి, వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు వెళ్తే తాజా వంజరం, చందువా దొరకడం కష్టం, దొరికినా ధర మండుతుంది.

ఎవరూ పట్టించుకోని తేడా ఇంకొకటి ఉంది. తూర్పున సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, పడమర సముద్రంలో అస్తమిస్తాడు. మీ గుంపులో రాత్రి రెండింటి దాకా కబుర్లు చెప్పుకుని పదింటికి లేచేవాళ్లే ఎక్కువైతే, పుదుచ్చేరిలో అసలైన అందం వాళ్లు నిద్రలో ఉండగానే అయిపోతుంది. వాళ్లకు పడమటి తీరమే సరి.

గంటల లెక్క

శుక్రవారం సెలవైతే గురువారం సాయంత్రం ఆరుకు బయలుదేరదామని అందరూ అనుకుంటారు. ఊరంతా అదే అనుకుంటుంది కాబట్టే సిల్క్ బోర్డు నుంచి అత్తిబెలె టోల్ దాకా, ఇటు గొరగుంటెపాళ్య నుంచి నెలమంగళ దాకా బండ్లు కదలవు. సొంత కారైతే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరండి. టిఫిన్ వేళకు కృష్ణగిరి దాటేస్తారు. రోజంతా ఆఫీసులో పనిచేసిన స్నేహితుడి చేతికి రాత్రంతా స్టీరింగ్ అప్పగించడం మాత్రం వద్దు. వాడు "నాకేం పర్లేదు" అంటాడు, మిగిలినవాళ్లు నిద్రపోతారు. ప్రమాదం అక్కడే ఉంది. ఎనిమిది, పది మంది ఉంటే డ్రైవర్‌తో టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి, మనిషికి బస్సు చార్జీ కన్నా పెద్దగా ఎక్కువ పడదు. రేటు అడిగేటప్పుడే తమిళనాడు పర్మిట్, టోల్, డ్రైవర్ బత్తా కలిపి చెబుతున్నారా, విడిగానా అన్నది తేల్చుకోవాలి. బిల్లు దగ్గర గొడవలు వచ్చేది ఈ మూడింటితోనే.

పుదుచ్చేరి: నడవడానికి మంచి ఊరు, ఈతకు కాదు

పాండీకి వెళ్లిన మనవాళ్లలో చాలామంది నిరాశపడేది ఒక్క విషయంలోనే. ఊళ్లోని ప్రొమెనేడ్ బీచ్‌లో ఎక్కువ భాగం ఇసుక ఉండదు, నల్లటి బండరాళ్లే ఉంటాయి. దానికి కారణం ఉంది. 1980ల చివర్లో హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన గోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకను ఆపేశాయి. ఇసుక రాక తీరం కోసుకుపోతుంటే, కాపాడటానికి రాళ్లు పోశారు. ఆ తర్వాత కొంత మేర ఇసుకను తిరిగి రప్పించే పని జరిగింది. అయినా అది కూర్చుని గాలి పీల్చుకునే చోటే. దిగాలంటే చున్నాంబార్ బోట్ హౌస్ నుంచి పడవలో పారడైజ్ బీచ్‌కి వెళ్లాలి. సెలవు రోజుల్లో అక్కడ టికెట్ల క్యూ చాలా పొడుగు, పడవలు సాయంత్రానికే ఆగిపోతాయి. ఉదయాన్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావడం మంచిది.

ఈ సంగతి తెలుసుకుని వెళ్తే పుదుచ్చేరి చాలా బాగుంటుంది. సాయంత్రం నుంచి ఉదయం దాకా బీచ్ రోడ్డుపై వాహనాలను రానివ్వరు. గాంధీ విగ్రహం దగ్గర మొదలుపెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు స్నేహితులతో కబుర్లాడుతూ నడిచే సుఖం బెంగళూరులో ఎక్కడా దొరకదు. పాత ఫ్రెంచి వాడ వైట్ టౌన్‌లో వీధులన్నీ గళ్ల కాగితంలా సూటిగా ఉంటాయి, తప్పిపోయే భయం లేదు. కారు హోటల్ దగ్గరే వదిలేసి సైకిళ్లు అద్దెకు తీసుకోండి. వీకెండ్‌లో అక్కడ పార్కింగ్ వెతకడమంటే సగం సాయంత్రం పోగొట్టుకోవడమే. ఊరిని రెండుగా చీల్చే కాలువకు అవతలి తమిళ వీధుల్లోకి కూడా వెళ్లండి, ఆ అరుగుల ఇళ్లు మన పాత పల్లెటూరి ఇళ్లను గుర్తుచేస్తాయి. 1968లో మొదలైన ఆరోవిల్‌లో మాతృమందిరాన్ని దూరం నుంచి చూడటానికి పాస్ దొరుకుతుంది. లోపల ధ్యాన మందిరంలోకి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే కుదరదు.

ఈ ప్రయాణంలో దారి కూడా ఒక ఆకర్షణే. కృష్ణగిరి దాటాక ఊత్తంగరై, చెంగం మీదుగా తిరువణ్ణామలై వస్తుంది, అదే మన అరుణాచలం. దర్శనం చేసుకుని వెళ్లొచ్చు. అయితే బయలుదేరే రోజు పౌర్ణమి కాదు కదా అని క్యాలెండర్ చూసుకోండి. 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు ఆంధ్ర, తెలంగాణల నుంచే వేలకొద్దీ జనం వస్తారు, ఆ రోజు ఊరు దాటడానికే గంటలు పడుతుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే జింజీ కోట. మూడు కొండలను కలుపుతూ కట్టిన ఈ కోటను 2025లో యునెస్కో మరాఠా సైనిక కోటల్లో ఒకటిగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాజగిరి కొండ ఎక్కాలంటే ఎండ ముదరకముందే వెళ్లాలి, నీళ్లు మీరే తీసుకెళ్లాలి.

ఆగస్టు 15న వెళ్లేవాళ్లకు ఒక మాట. అది శ్రీ అరవిందుల జయంతి కూడా, ఆయన పుట్టింది 1872లో. ఆశ్రమానికి ఆ రోజు దేశమంతటి నుంచీ భక్తులు వస్తారు. గదులు చాలా ముందే నిండిపోతాయి. ఇక మందు కోసమే పాండీ అనుకునేవాళ్లు ఆగస్టు 15, అక్టోబర్ 2, జనవరి 26 మందు అమ్మని డ్రై డేలు అని గుర్తుపెట్టుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు సీసాలు కారులో వేసుకోకండి, తమిళనాడు చెక్‌పోస్టుల్లో ఆపి చూస్తారు.

మంగళూరు–ఉడుపి: మనవాళ్లు తక్కువగా వెళ్లే చోటు

నన్ను అడిగితే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా స్నేహితుల గుంపుకు దీన్ని మించింది లేదు. బెంగళూరు తెలుగువాళ్లు మాత్రం ధర్మస్థల, కుక్కె సుబ్రహ్మణ్య, ఉడుపి, కొల్లూరు గుళ్లు చూసి, పక్కనే ఉన్న సముద్రాన్ని కారు కిటికీలోంచి పలకరించి వచ్చేస్తారు.

మంగళూరును, ఉడుపిని ఒకే ఊరిగా లెక్కేసుకోండి. మధ్య దూరం 60 కిలోమీటర్లలోపే, నాలుగు లైన్ల హైవే, పొడుగునా ఒక బీచ్ తర్వాత ఇంకో బీచ్. పణంబూర్‌లో లైఫ్‌గార్డులు ఉంటారు, జనం కూడా ఎక్కువ. తణ్ణీర్‌బావి కాస్త ప్రశాంతం, చెట్ల నీడ ఉంటుంది. మూల్కి వైపు సర్ఫింగ్ నేర్పే స్కూళ్లు ఉన్నాయి. ఈత వచ్చి, కొత్తది నేర్చుకోవాలన్న సరదా ఉన్నవాళ్లు ముందుగా మాట్లాడుకుని ఒక ఉదయం అక్కడ గడపండి. కాపు బీచ్‌లో బండ మీద 1901లో కట్టిన లైట్‌హౌస్ ఉంది. సాయంత్రం దాని మీదికి ఎక్కనిస్తారు. పైనుంచి సూర్యాస్తమయం చూస్తుంటే ఒకవైపు కొబ్బరితోటలు, ఒకవైపు సముద్రం. ఆ గంట కోసం మిగతా ప్రోగ్రాం అంతా ముందుకో వెనక్కో జరపొచ్చు.

మల్పె నుంచి సెయింట్ మేరీస్ దీవికి పడవలు నడుస్తాయి. అక్కడి రాళ్లు ఎవరో చెక్కి నిలబెట్టిన స్తంభాల్లా, ఎక్కువగా ఆరు పలకలతో, పక్కపక్కనే పేర్చినట్టు ఉంటాయి. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోయిన కాలంలో పైకి ఉబికిన లావా చల్లారుతూ అలా బీటలు తీసింది. వానాకాలంలో పడవలు ఆపేస్తారు, సముద్రం నెమ్మదించాక సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో మొదలుపెడతారు. వెళ్లే వారంలో నడుస్తున్నాయో లేదో హోటల్‌వాళ్లను అడిగి తెలుసుకోండి. దీవిలో ఈతకు అనుమతించిన చోటే దిగండి, రాళ్లు నాచు పట్టి జారుతాయి.

తిండి సంగతికి వస్తే, శాకాహారి స్నేహితుడు చిన్నబుచ్చుకోని సముద్రపు ఊరు ఇదొక్కటే. మిగతాచోట్ల అందరూ చేపలు తింటుంటే వాడికి పెరుగన్నమే గతి. ఇక్కడ ఉడుపి రథబీధి చుట్టూ ఉన్న హోటళ్లలో నీర్ దోసె, గోళిబజె, మంగళూరు బన్స్ తింటూ మనల్నే ఎదురుచూడమంటాడు. మాంసాహారులకు కోరి రొట్టి ఉంది. పల్చగా కరకరలాడే బియ్యపు రొట్టె మీద కోడి పులుసు పోసి, అది మెత్తబడే లోపే తినాలి. కుందాపుర వైపు పుట్టిన చికెన్ ఘీ రోస్ట్ ఎర్రగా, పుల్లగా, నెయ్యి కారుతూ ఉంటుంది. మన కారం అలవాటున్న నాలుకకు ఇది వెంటనే నచ్చుతుంది. చేపల హోటల్లో అంజల్ అంటే మన వంజరం, బంగుడె అంటే కానగంత. ఈ రెండు పేర్లు తెలిస్తే మెనూ సగం అర్థమైనట్టే. చివర్లో గడ్‌బడ్ ఐస్‌క్రీమ్ తినకుండా రాకండి.

చలికాలంలో వెళ్తే ఊళ్లలో కంబళ అనే బురదలో దున్నపోతుల పరుగు పోటీలు, రాత్రంతా సాగే యక్షగానం కూడా దొరుకుతాయి. నవంబర్ నుంచి వేసవి దాకా వాటి కాలం. భాష రాకపోయినా యక్షగానం ఒక గంటైనా కూర్చుని చూడండి, ఆ చెండె మోత, ఆ కిరీటాలు మరిచిపోలేరు.

వెళ్లేటప్పుడు రాత్రి స్లీపర్ బస్సు సుఖం, తెల్లారేసరికి దిగుతారు. వచ్చేటప్పుడు సమయం ఉంటే పగటి రైలు ఎక్కండి. సుబ్రహ్మణ్య రోడ్డు నుంచి సకలేశపుర దాకా సుమారు 55 కిలోమీటర్లలో 57 సొరంగాలు, అడుగడుగునా లోయలు. పెద్ద అద్దాల విస్టాడోమ్ బోగీ ఉన్న రైలు దొరికితే అదే తీసుకోండి. దీనికి ఒక పూట పోతుంది, అయినా ఆ పూట వృథా అని ఎవరూ అనరు.

విశాఖ: మూడు రోజులైతే విమానం, లేదంటే నాలుగో రోజు

మన ఊరు, మన భాష, మన తిండి. ఆటో అతనితో బేరం కూడా మన భాషలోనే. ఈ సుఖం వేరే ఊళ్లో దొరకదు. అడ్డు ఒక్కటే, దూరం. బెంగళూరు నుంచి రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో 20 గంటలకు పైనే. మూడు రోజుల సెలవుకు రైలెక్కితే అక్కడ ఉండేది ఒక్క పూటే. విమానమైతే గంటన్నర. ఎలక్ట్రానిక్ సిటీలోనో, బీటీఎంలోనో ఉండేవాళ్లు దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు చేరే రెండు గంటలు కూడా దానికి కలుపుకోవాలి. సంక్రాంతి, దసరాలకు అయితే ఆలోచన మానుకోండి. ఇళ్లకు వెళ్లేవాళ్లతోనే టికెట్లన్నీ అయిపోతాయి, ఉన్నవాటి ధర ఆకాశంలో ఉంటుంది.

వెళ్లగలిగితే మాత్రం ఊరు నిరాశపరచదు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిలోకి వంగి వంగి వెళ్తుంటే, అన్నేళ్లు మనుషులు అందులో ఎలా బతికారా అనిపిస్తుంది. సోమవారం దానికి సెలవు, కాబట్టి శని, ఆదివారాల్లోనే చూసేయండి. అసలు విశాఖ అందం భీమిలి రోడ్డులో ఉంది. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం, మధ్యలో రుషికొండ, తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, ఎర్రమట్టి దిబ్బలు. ఉదయాన్నే రెండు బైకులో, ఒక కారో తీసుకుని భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోటు దాకా వెళ్లి రండి. అరకును మాత్రం ఇదే ట్రిప్‌లో ఇరికించకండి. వెళ్లిరావడానికి పూర్తిగా ఒక రోజు కావాలి, హడావిడిగా చూస్తే బొర్రా గుహలూ గుర్తుండవు, బొంగులో చికెన్ రుచీ తెలియదు. నాలుగు రోజులుంటే సరే.

మీ గుంపులో ఎవరిదైనా ఇల్లు విశాఖలోనే ఉంటే ఈ పోలికంతా పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి. వాళ్లమ్మగారి చేతి రొయ్యల ఇగురు ఏ రెస్టారెంట్‌లోనూ దొరకదు.

గోవా, చెన్నై గురించి క్లుప్తంగా

గోవా రాత్రి జీవితం కోరుకునేవాళ్లకే. రోడ్డు మీద 12 గంటల దాకా పడుతుంది, కాబట్టి మూడు రోజులకు విమానమే దారి. అక్కడ రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయి. ఉత్తరాన గది తీసుకుంటే మోపాకు, దక్షిణాన అయితే దబోలిమ్‌కు టికెట్ తీయాలి. తేడా చేస్తే ట్యాక్సీకే విమాన చార్జీలో సగం పోతుంది.

ప్రయాణమంటేనే విసుగు ఉన్నవాళ్లకు చెన్నై. వందే భారత్‌లో సుమారు నాలుగున్నర గంటల్లో దిగుతారు. మెరీనాలో స్నానం నిషేధం, సాయంత్రం తిరిగి రావడానికే అది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీదుగా కోవళం, అక్కడి నుంచి మహాబలిపురం వెళ్లి పల్లవుల తీర దేవాలయం చూస్తే ట్రిప్ నిండుగా ఉంటుంది.

నీటి దగ్గర

ఏ ఊరైనా ఇది మాత్రం అందరూ చదవాలి. ఆర్కే బీచ్‌లో, పుదుచ్చేరి పక్కన సెరినిటీ బీచ్‌లో స్నేహితులతో వచ్చిన కుర్రాళ్లు కొట్టుకుపోయిన వార్తలు మనం పదే పదే చూస్తున్నాం. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. తూర్పు తీరంలో చాలాచోట్ల నాలుగడుగులు వేయగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒడ్డుకు వచ్చిన నీరు ఒక పాయగా వెనక్కి పోతూ మనిషిని లోపలికి లాగేస్తుంది. అలా లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయలోంచి బయటపడతారు, అప్పుడు ఒడ్డుకు రావచ్చు. ఎవరైనా మునుగుతుంటే చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా లోపలికి వెళ్లొద్దు. ఒకరి కోసం నలుగురు పోయేది అలాగే. తాడో, ఖాళీ క్యానో విసరండి, లైఫ్‌గార్డును పిలవండి. మందు తాగిన రోజు నీళ్లలో దిగకూడదని బయలుదేరే ముందే అందరూ ఒప్పుకోండి. తాగాక ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

ఇక రాబోయే సెలవులకు

2026లో అక్టోబర్ 2 శుక్రవారం. పడమటి తీరంలో వాన తగ్గుముఖం పట్టే సమయం, కాబట్టి మంగళూరు–ఉడుపి. ఒకటి రెండు జల్లులకు సిద్ధపడి వెళ్లండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే గురువారం రాత్రి రైలుకు ఆగస్టు 2 ఉదయం ఎనిమిదింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. క్రిస్మస్ కూడా శుక్రవారమే, 2027 జనవరి 1 కూడా. ఆ రెండు వారాల్లో గోవా, పాండీ గదుల ధరలు రెండింతలు, మూడింతలు అవుతాయి. క్రిస్మస్‌కు వెళ్లాలనుకుంటే విశాఖకు విమానం టికెట్లు వీలైనంత ముందే తీసుకోండి. పుదుచ్చేరికే వెళ్లాలన్న కోరిక బలంగా ఉంటే రిపబ్లిక్ డే దాటాక ఫిబ్రవరిలో ఒక మామూలు శుక్రవారం లీవ్ పెట్టి వెళ్లండి. వాన ఉండదు, ఎండ ఇంకా ముదరదు, పారడైజ్ బీచ్ పడవ దగ్గర క్యూ కూడా చిన్నగానే ఉంటుంది.